వేగంలో స్టీరింగు ఎందుకు వణుకుతుంది?
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద ఇదివరలో చదువు గురించి, వరకట్నం గురించి, జకాత్ లెక్కల గురించి పెద్దలు మాట్లాడియున్నారు. ఈసారి కార్యదర్శిగారు నా దగ్గరికి వచ్చి, "మాస్టర్ సాబ్, మన పిల్లల్లో చాలామంది స్టీరింగు పట్టుకునే బతుకుతున్నారు. వాళ్ళకు పనికొచ్చేది ఏదైనా చెప్పండి" అన్నారు. నేను ఉర్దూ మీడియంలో లెక్కలు, సైన్సు చెప్పేవాణ్ణి, మెకానిక్కును కాను. పానా పట్టి ముప్పై ఏళ్ళయిన ఉస్తాదులు ముందు వరుసలో ఉన్నారు. వాళ్ళ నోట విన్నదానికి నా లెక్కను జతచేసి మనవి చేస్తాను. తప్పుంటే వాళ్ళు అక్కడినుంచే చెయ్యెత్తవచ్చును.

విషయం చిన్నది. బండి నెమ్మదిగా పోయినంతసేపు బాగుంటుంది. గంటకు 80 కిలోమీటర్లు దాటేసరికి స్టీరింగు చేతిలో వణకడం మొదలవుతుంది. ఉర్దూలో లర్జిష్ అంటాం. మన డ్రైవర్లు "వాబ్లింగ్ వస్తోంది" అంటారు. ఇది ఎందుకు వస్తుంది, ఎప్పుడు భయపడాలి, ఎప్పుడు భయపడనక్కరలేదు, ఇంతే నేను చెప్పదలచుకున్నది.

ముందు మన ఊరి సంగతి చూడండి. 1965లో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు గోదావరి వంతెనను ప్రారంభించిన తరువాత సారపాక దారి మీది ఊరయింది. 1979లో ఐ.టి.సి. వారు భద్రాచలం పేపర్‌బోర్డ్స్‌ను నెలకొల్పడంతో లారీల ఊరయింది. జామాయిలు కర్ర, సుబాబుల్ కర్ర మోసుకొచ్చే లారీలు, మణుగూరు బొగ్గు లారీలు, ఇసుక లారీలు తిరిగే రోడ్డు ఎట్లా ఉంటుందో మీకు నేను చెప్పాలా? వానాకాలం గుంటలు, గుంటల్లో బురద. అడవిలో మలుపులు, అడ్డంవచ్చే పశువులు. కాబట్టి ఇక్కడ మన బండ్లు 50, 60 మీదే పోతాయి. ఆ వేగంలో చక్రానికి ఉన్న జబ్బు బయటపడదు. పాల్వంచ, కొత్తగూడెం దాటి, ఖమ్మం వెళ్ళి, అక్కడినుంచి సూర్యాపేటకు పోయే నాలుగు వరుసల రోడ్డు ఎక్కి, 90 అందుకున్నప్పుడు అది తల ఎత్తుతుంది. జబ్బు తగిలేది సారపాక గుంటలో, కనపడేది ఇంటికి నూరు కిలోమీటర్ల పైన, బండిలో రోగినో పెళ్ళివారినో పెట్టుకొని హైదరాబాదు పోయేటప్పుడు. అక్కడ మన ఉస్తాదూ ఉండడు, మనకు తెలిసిన షాపూ ఉండదు. అందుకని ఈ సంగతి ఇంట్లో ఉండగానే తెలుసుకోవడం అవసరం.

ఇక కారణం. నూటికి ఎక్కువపాళ్ళు ఇది చక్రం బరువు సమంగా లేకపోవడం వల్ల వచ్చేదే. చేలో పిట్టలను తోలే ఒడిసెల మీరు తిప్పియున్నారు. రాయి చిన్నదే. నెమ్మదిగా తిప్పితే చేతికి తెలియదు. గట్టిగా తిప్పితే చేతిని గుంజుకుపోతుంది. చక్రంలో ఒకవైపు కాస్త బరువు ఎక్కువైతే అది ఆ ఒడిసెల రాయి వంటిదే.

లెక్క వేసి చూద్దాం. చిన్న కారు చక్రం, 14 అంగుళాల రిమ్ము. రిమ్ము అంచున ఒకచోట 30 గ్రాములు ఎక్కువుందనుకోండి. 30 గ్రాములంటే ఎంత? అరచేతిలో వేస్తే బరువే అనిపించదు. బండి 50 మీద పోయేటప్పుడు ఆ 30 గ్రాములు చక్రాన్ని సుమారు ఒకటింబావు కిలో బలంతో బయటికి లాగుతాయి. 100 మీద పోయేటప్పుడు సుమారు 5 కిలోల బలంతో లాగుతాయి. వేగం రెండింతలైతే లాగుడు నాలుగింతలు. రెండింతలు కాదు, నాలుగింతలు. మా క్లాసులో పిల్లలు ఎప్పుడూ ఇక్కడే తప్పు చేస్తారు. పైగా 100 మీద ఆ చక్రం సెకనుకు సుమారు 15 సార్లు తిరుగుతుంది. అనగా ఎవరో చక్రం పక్కన నిలబడి, 5 కిలోల బలంతో, సెకనుకు 15 సార్లు, ఒకసారి ముందుకూ ఒకసారి వెనక్కూ గుంజుతున్నట్టు. ఆ గుంజుడు టై రాడ్డు వెంట స్టీరింగు దాకా వస్తుంది. ఇంట్లో బట్టలుతికే మిషను ఉన్న అక్కచెల్లెళ్ళకు ఇంత లెక్క అక్కరలేదు. దుప్పటి అంతా ఒకవైపు చేరితే, పిండేటప్పుడు ఆ మిషను గదంతా నడుస్తుంది గదా! అదే ఇది.

మరి ఆ ఎక్కువ బరువు ఎక్కడినుంచి వస్తుంది? కొత్త టైరు వేయించినప్పుడు బ్యాలెన్సింగ్ చేసి, రిమ్ము అంచున చిన్న బరువు ముక్కలు కొడతారు, లేదా లోపల అంటిస్తారు. గుంటలో పడి ఒక ముక్క ఊడిపోతే లెక్క తప్పినట్టే. పంచరు వేసినప్పుడు టైరు విప్పి, ఉన్నచోట కాక ఇంకోచోట బిగించినా తప్పుతుంది. లోపల పెద్ద ప్యాచీ వేసినా అంతే. పంచరు కాకుండా టైరులో ద్రవం పోయించుకుంటున్నారు కొందరు. బండి నిలబెట్టినప్పుడు అది అడుగుకు చేరి, కదిలాక కాసేపు వణికిస్తుంది.

మన దగ్గర అన్నిటికంటే ముందు చూడవలసింది మాత్రం బురద. వానాకాలం నల్లరేగడి బురద రిమ్ము లోపలివైపు పట్టి, ఎండి, పెచ్చు కడుతుంది. అది 30 గ్రాములు కాదు, ఒక్కోసారి పావుకిలో ఉంటుంది. బండి కడిగే పిల్లవాడు బయటివైపు అద్దంలాగా తుడుస్తాడు, లోపలివైపు చెయ్యి పెట్టడు. డబ్బు ఖర్చు లేకుండా నీళ్ళ పైపుతో పోయే జబ్బు ఇది ఒక్కటే. ముందు దీన్ని చూడండి, తరువాతే షాపుకు వెళ్ళండి.

ఇప్పుడు అసలు మెలిక చెబుతాను. ఇది అందరూ జాగ్రత్తగా వినాలి.

చాలా బండ్లలో ఈ వణుకు 80 దగ్గర మొదలై, 90, 100 దగ్గర బాగా ఎక్కువై, 110 దాటితే తగ్గిపోతుంది. ఎందుకట్లా? ఉయ్యాల ఊపేటప్పుడు చూడండి. ప్రతి ఉయ్యాలకూ తన ఊపు తనకుంటుంది. ఆ ఊపుకు సరిగ్గా కలిపి మెల్లగా తోసినా పైకి లేచిపోతుంది. ఊపుకు కలపకుండా ఎంత గట్టిగా తోసినా ఎక్కదు. బండి ముందుభాగంలో స్ప్రింగులు, ఆర్ములు, రబ్బరు బుష్షులు, స్టీరింగు అన్నీ కలిసి ఒక ఉయ్యాల. దాని ఊపు చాలా కార్లలో సెకనుకు 10 నుంచి 15 సార్ల మధ్య ఉంటుంది. చక్రం తిరుగుడు ఆ లెక్కకు కలిసిన వేగంలో వణుకు పెద్దదవుతుంది. ఆ వేగం దాటితే కలయిక తప్పి చేతికి తెలియడం తగ్గుతుంది. జబ్బు మాత్రం తగ్గదు. పైగా నేను చెప్పిన నాలుగింతల లెక్క ప్రకారం చక్రం లాగుడు పెరుగుతూనే ఉంటుంది. చేతికి తెలియడం లేదు, అంతే.

మొన్నటి హజ్ ప్రయాణపు రోజుల్లో మనకు తెలిసిన ఒక కుటుంబం పెద్దవాళ్ళను శంషాబాదు విమానాశ్రయంలో దింపడానికి కిరాయి బండిలో పోయింది. సూర్యాపేట రోడ్డు ఎక్కాక స్టీరింగు కొట్టుకోవడం మొదలుపెట్టింది. డ్రైవరు కుర్రాడు తెలివైనవాడే. కాసేపు చూసి, 110 దాటిస్తే పోతోందని కనిపెట్టాడు. ఇక దారి పొడుగునా 110 తగ్గించలేదు. వెనక కూర్చున్న ముసలి తల్లి "బేటా, ఆహిస్తా" అంటూనే ఉన్నదట. "ఏం లేదు నానీ, ఈ స్పీడులోనే బండి బాగుంటుంది" అన్నాడట. అల్లాహ్ దయవల్ల వెళ్ళి వచ్చారు. వచ్చాక చక్రం విప్పి చూస్తే రిమ్ము లోపల బురద పెచ్చు ఒకటి, దానికి తోడు టైరు లోపలి పక్క గోడ మీద కోడిగుడ్డంత ఉబ్బు. గుంటలో కొట్టుకొని లోపలి దారాలు తెగినచోట గాలి ఒత్తిడికి అట్లా పొంగుతుంది. అటువంటి టైరు మీద 110 పోవడమంటే ఏమిటో ఉస్తాదులకు తెలుసు. ఆ కుర్రాడు వారం ముందే ఒక షాపులో డబ్బిచ్చి అలైన్‌మెంటు చేయించాడు. వాళ్ళు చక్రం విప్పనే లేదు.

ఈ అలైన్‌మెంటు మాట వచ్చింది గనుక చెబుతాను. అలైన్‌మెంటు వేరు, బ్యాలెన్సింగ్ వేరు. మన వాళ్ళు రెంటినీ ఒకే మాటగా వాడుతారు. అలైన్‌మెంటు అంటే చక్రాలు నిలబడే, చూసే దిశ సరిచేయడం. అది తప్పితే బండి ఒకవైపుకు లాగుతుంది, టైరు ఒక అంచున అరుగుతుంది. బ్యాలెన్సింగ్ అంటే చక్రాన్ని విప్పి, మిషను మీద తిప్పి, బరువు సమం చేయడం. వణుకుకు మందు మామూలుగా రెండవది. కాలు నొప్పికి పన్ను పీకించుకుంటే ఫలితం ఏముంటుంది?

అన్ని వణుకులూ ఒకటి కాదు. ఎప్పుడు వస్తోందన్నదాన్నిబట్టి ఎక్కడ చూడాలో తెలుస్తుంది. హకీము నాడి పట్టినట్టు ఇది కూడా పట్టుకోవాలి.

చేతిలో వణికితే ముందు చక్రాలు చూడాలి. చెయ్యి బాగుండి, కూర్చున్న సీటు, కాళ్ళకింద నేల వణికితే వెనక చక్రాలు చూడాలి. ఇంజను ముందుండి వెనక చక్రాలు తిరిగే బండ్లలో, అంటే జీపులు, వ్యాన్ల వంటి వాటిలో, మధ్యలో పోయే పొడుగు షాఫ్టునూ, దాని క్రాసునూ కూడా చూడాలి. ముందు చక్రాలు రెండింటినీ వెనక్కు, వెనకవాటిని ముందుకు మార్చి, అదే రోడ్డు మీద అదే వేగంలో చూడండి. వణుకు చేతినుంచి సీటుకు మారితే తప్పు చక్రాలదేనని తేలిపోతుంది. దీనికి జాకీ, పానా చాలు.

బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే వణికితే అది చక్రం కాదు, బ్రేకు డిస్కు. "డిస్కు బెండయింది" అంటాం గాని, ఎక్కువసార్లు జరిగేది దాని మందం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ కావడం. అది వెంట్రుక మందంలో తేడా అయినా కాలికి, చేతికి తెలుస్తుంది. చింతూరు మీదుగా మారేడుమిల్లి ఘాటులో పోయి వచ్చేవాళ్ళకు ఒక మనవి. ఘాటు దిగేటప్పుడు గేరులో దిగండి, బ్రేకు మీదే దిగకండి. దిగిన వెంటనే, డిస్కులు కాగుతూ ఉండగా, వాగులో పెట్టి బండి కడగకండి.

యాక్సిలరేటరు నొక్కినప్పుడే వణికి, వదిలితే ఆగిపోతోందా? ముందు చక్రాలు లాగే కార్లలో ఇంజనునుంచి చక్రానికి పోయే షాఫ్టు లోపలి జాయింటు అరిగి ఉండవచ్చు. వణుకుతోపాటు గుమ్మని మోత వచ్చి, మలుపులో ఆ మోత మారుతోందా? చక్రం బేరింగు చూపించండి. బండి నిలబడి ఉండగానే స్టీరింగు వణుకుతోందా? అది చక్రాల సంగతే కాదు, ఇంజను కింది రబ్బరు మౌంటింగులు చూడాలి.

బ్యాలెన్సింగ్ చేయించినా పోకపోతే రిమ్ము వంగి ఉండవచ్చు. ముందు చక్రం జాకీ మీద లేపి, సుద్దముక్కను కదలకుండా రిమ్ము అంచుకు దగ్గరగా పట్టుకొని, చక్రం చేత్తో తిప్పండి. ఒకచోట తగిలి, ఒకచోట తగలకపోతే వంకర ఉన్నట్టే. నా జీవితంలో సుద్దముక్కకు బ్లాకు బోర్డు కాకుండా ఇంకో పని ఉందని ఇక్కడే తెలిసింది.

కుర్రాళ్ళ షోకు గురించి ఒక మాట. కంపెనీ రిమ్ములు తీసి, మెరిసే పెద్ద అల్లాయ్ రిమ్ములు వేయిస్తున్నారు. వద్దనను, సొమ్ము మీది. అయితే చాలావాటికి మధ్య రంధ్రం మన బండి హబ్బుకంటే పెద్దగా ఉంటుంది. అప్పుడు చక్రం సరిగ్గా మధ్యన కూర్చోదు, వెంట్రుకవాసి పక్కకు కూర్చుంటుంది. మిషను మీద బ్రహ్మాండంగా సున్నా చూపుతుంది, బండికి వేస్తే వణుకుతుంది. మధ్యలో సరిపోయే రింగు అడిగి వేయించుకోవాలి.

పాత జీపుల సంగతి, లారీల సంగతి వేరు. వాటికి ముందు రెండు చక్రాలకూ ఒకటే ఇరుసు. కింగు పిన్ను బుష్షులు, టై రాడ్డు ఎండ్లు అరిగితే, ఒక గుంట తగలగానే రెండు చక్రాలూ కలిసి కుడి ఎడమలకు కొట్టుకోవడం మొదలుపెడతాయి. స్టీరింగు చేతిలో నిలవదు. ఇది కొత్త జబ్బు కాదు. 1920ల్లో ముందు చక్రాలకు బ్రేకులు, మెత్తని గాలి టైర్లు వచ్చినప్పుడు ఐరోపాలో, అమెరికాలో కార్లన్నీ ఇట్లాగే ఊగాయి. అప్పటి ఒక నాట్యం పేరునుబట్టి దీన్ని షిమ్మీ అన్నారు. 1925లో ఫ్రాన్సు దేశపు ఇంజనీరు బ్రూలియే దీని మీద పరిశోధన పత్రమే ప్రకటించాడు. 1934 నాటికి అమెరికాలో జనరల్ మోటార్స్ వారు ముందు చక్రాలు రెండూ విడివిడిగా ఆడే పద్ధతిని తమ కార్లలో తెచ్చారు. దానికి గల కారణాలలో ఈ ఊగుడు కూడా ఒకటి. ఈ రకం ఊగుడు వస్తే చేయవలసింది ఏమిటంటే, గట్టిగా బ్రేకు వేయకూడదు, స్టీరింగుతో కుస్తీ పట్టకూడదు. నిలకడగా పట్టుకొని, యాక్సిలరేటరు వదిలి, వేగం దానంతటది తగ్గనిచ్చి, పక్కకు ఆపాలి.

ఎప్పుడు భయపడాలి అన్న ప్రశ్నకు వస్తాను. నెలల తరబడి ఒకే వేగంలో, ఒకే తీరుగా వచ్చే సన్నని వణుకు అయితే, 70కి తగ్గించుకొని పోయి, రాగానే చూపించవచ్చు. నిన్నటిదాకా లేనిది ఇవాళ పుట్టిందా, దారిలో పెరుగుతోందా, 40 మీద కూడా వస్తోందా, అప్పుడు ఇల్లు చేరాక చూద్దామనే మాట లేదు. ఇండికేటరు వేసి, మెల్లగా ఎడమకు తీసి, ఆపి, దిగి చూడండి. చక్రం నట్లు వదులయ్యాయా? టైరుకు ఉబ్బు ఉందా? పైరబ్బరు పొర లేచి గూటికి తగులుతోందా? ఇవి మూడూ ప్రాణం మీదికి వచ్చేవి. పంచరు వేసిన తరువాత నట్లను వరసగా కాక ఎదురెదురుగా బిగించాలి. ఒక 50, 100 కిలోమీటర్లు పోయాక మళ్ళీ ఒకసారి పానా వేసి చూడాలి. ఈ రెండవ బిగింపు చేసేవాళ్ళు మన ఊళ్ళో ఎంతమంది? చేతులెత్తమంటే ఎత్తుతారు, నాకు తెలుసు.

తవక్కుల్ అంటే ఏమిటో మన పిల్లలకు మదర్సాలో చెబుతూనే ఉన్నాం. ఒంటెను కట్టేశాకే అల్లాహ్ మీద భారం వేయాలన్న మాట అందరూ విన్నదే. నట్టు బిగించడం కూడా అందులోకే వస్తుందని నా అభిప్రాయం.

ఇంకొక ముఖ్యమైన సంగతి. సంఘం ఇచ్చే ఖర్జె హసనాతో కొందరు సోదరులు సెకండ్ హ్యాండు బండ్లు కొనుక్కుంటున్నారు. ఆ డబ్బు మీ ఒక్కరిది కాదు, తిరిగి వస్తే ఇంకొకరికి పోయేది. అమ్మేవాడు మిమ్మల్ని ఎక్కించుకొని బజారులో 30, 40 మీద తిప్పి, "చూడు భాయ్, వెన్నలా ఉంది" అంటాడు. 30 మీద ఏ బండి అయినా వెన్నే. మంచి రోడ్డు మీదికి తీసుకుపోయి, చట్టం ఒప్పుకున్న వేగంలోనే, 60నుంచి 90 దాకా మెల్లగా పెంచుతూ స్టీరింగు మీద చేతులు తేలికగా ఆనించి చూడండి. తరువాత రోడ్డు ఖాళీగా ఉన్నచోట బ్రేకు మెత్తగా తొక్కి చూడండి. టైరు పక్కగోడ మీద నాలుగంకెలు ఉంటాయి. 3219 అని ఉంటే 2019వ సంవత్సరం 32వ వారంలో తయారైందని అర్థం. గాళ్ళ లోపల అడ్డంగా చిన్న దిమ్మెలు ఉంటాయి. పై రబ్బరు అరిగి వాటితో సమమైతే 1.6 మిల్లీమీటర్లే మిగిలిందన్నమాట, ఇక టైరు తీసేయవలసిందే. ఈ ఖర్చులన్నీ బేరంలో తగ్గించుకోండి.

బ్యాలెన్సింగ్ షాపులో అడగవలసినవి నాలుగే. మిషను ఎక్కించకముందు రిమ్ము లోపలివైపు కడగమనండి. పాత బరువు ముక్కలన్నీ తీసేయమనండి. లోపలివైపు, బయటివైపు రెండువైపులా సున్నా చూపించమనండి. ముక్కలు కొట్టిన తరువాత ఇంకోసారి తిప్పి చూపించమనండి. విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

భోజనాలకు ఇంకా కొంచెం వ్యవధి ఉందని కార్యదర్శిగారు చెబుతున్నారు. బయట వేపచెట్టు కింద మన ఉస్తాదులు ఒక కారు ముందు చక్రం జాకీ మీద లేపి, అడుగున దిమ్మె పెట్టి ఉంచారు. చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపితే బేరింగు, బాల్ జాయింటు ఆట తెలుస్తుంది. కుడి ఎడమ పట్టి ఊపితే టై రాడ్డు ఎండు ఆట తెలుస్తుంది. అరిగిన ఎండు ఒకటి, కొత్తది ఒకటి బల్ల మీద పెట్టారు, రెండూ చేత్తో కదిపి చూడండి. ముందుగా పదిహేను నిముషాలు తల్లులు, అక్కచెల్లెళ్ళు చూసి వస్తారు. అంతవరకు మగవాళ్ళు దయచేసి ఇక్కడే కూర్చోవలసిందిగా కోరుతున్నాను.